ఎవరింటి జబ్బు

"ఆ పళ్ళెంలో తినొద్దని ఎన్నిసార్లు చెప్పాల్రా నీకి!"

తిప్పమ్మ వంటింట్లోంచి వచ్చేసరికి శశికుమార్ సగం సంగటి తినేశాడు. తింటున్నది సునంద పళ్ళెంలో. అంచుకు ఎర్ర పెయింటుతో గీత గీసి, గోడవారన విడిగా బోర్లించి పెట్టిన పళ్ళెం అది. పక్కనే ఎర్ర గీత లోటా, ఎర్ర గీత గిన్నె. కోడలు పుట్టింటికి వెళ్ళి పన్నెండు రోజులైనా ఆ సామాను ఎవరూ కదిలించలేదు.

"తోమిందే కదా మా" అన్నాడు శశి తలెత్తకుండా.

"తోమితే పోయేదైతే ఇంతమంది డాక్టర్లు ఎందుకురా? పీచు ముక్క చాలు."

"పోకుంటే నాకీ రానీ."

తిప్పమ్మ నోరు ఆగింది. ధర్మవరంలో ఆ నేతగాళ్ళ వీధి మొత్తంలో ఆ నోరు ఆగడం పెద్దగా చూసినవాళ్ళు లేరు. ఆగినా ఎక్కువసేపు ఆగదు.

"విన్యావా వీని మాట? ఒగ కొడుకుని మట్టిలో పెట్టినా. రెండోవాడు నాకీ రానీ అంటాండాడు!"

ఆమె మొగుడు గంగాధరప్ప మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని తెగిన పోగు వెతుకుతున్నాడు. పెద్ద అంచుల చీరకు ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే గాని పని సాగదు. ఇన్నాళ్ళూ శశి పక్కన సునంద కూర్చునేది. ఆమె పోయాక అరవయ్యేళ్ళ ముసలాయన కొడుకు పక్కకు చేరాడు. చీర రోజుకు జానెడు కూడా నడవడం లేదు.

"మధ్యాన్నం పెద్దమనుషులు వస్తారు. ఇప్పుడే గొంతు అరగదీసుకుంటే అప్పుడేం మాట్లాడతావు మే?" అన్నాడు.

"నేను మాట్లాడను. కాగితాలు మాట్లాడతాయి."

ఆ కాగితాల కోసమే ఆమె పొద్దున్నే తలకు పోసుకుని కొత్త చీర కట్టింది. ఐదో నెలలో సునందకు రక్తపరీక్ష చేస్తే హెపటైటిస్ బి ఉందని తేలింది. ఆ పేరుకు తిప్పమ్మ నాలుక తిరగక 'బి జబ్బు' అని తేల్చేసింది. రక్తంలో ఉండి లివర్ని తినేస్తుందని ఎవరో చెప్పారు. అంతే, పళ్ళేనికి గీత పడింది. కోడలి భోజనం పెరట్లో బట్టలుతికే బండ దగ్గరికి మారింది. మూడు నెలలు అలాగే గడిచాయి. పన్నెండు రోజుల కిందట రామదాసు పామిడి నుంచి కూతుర్ని చూడ్డానికి వచ్చి, ఎనిమిది నెలల కడుపుతో ఆ బండ పక్కన నేల మీద కూర్చుని అన్నం తింటున్న పిల్లని చూశాడు. ఆ పూటే తీసుకుపోయాడు.

పోతూ పోతూ ఒక మాట అన్నాడు. "మా ఇంట్లో అందరికీ చేపించినాం. అందరి రక్తమూ బాగుండాది. మీ ఇంట్లో సూపించుకోండి."

ఆ మాట తిప్పమ్మకు ఒళ్ళంతా కారం రాసినట్టు మండింది. "సూపిస్తా! కాగితం తెచ్చి పెద్దమనుషుల ముందర పెడతా!" అని వీధి వీధంతా వినేట్టు అరిచింది. పోయిన శుక్రవారం కల్యాణమంటపంలో రక్తపరీక్షల క్యాంపు పెడితే వరుసలో మొదటి మనిషి ఆమే. వెనక మొగుణ్ణి నిలబెట్టింది. సూది గుచ్చుతుంటే కూడా, "మాది పట్టు నేసే రక్తం మా, కల్తీ ఉండదు" అని నర్సుతో పరాచికమాడింది. శశి మాత్రం నేసిన చీరను మగ్గం మీంచి కోసే పని ఉందని రానే లేదు.

ఇప్పుడు చెయ్యి కడుక్కుని వచ్చి తల్లికి అడ్డంగా నిలబడ్డాడు.

"పోవద్దు మా."

"ఎందుకు?"

"ఆ కాగితాలతో మనకేం పని? నేనే పామిడికి పోయి పిల్చుకొస్తా."

"పన్నెండు దినాలు గుర్తుకి రాలేదా పామిడి బస్సు? మీ అత్తగారింటోళ్ళు మన వంశానికే మచ్చ పెట్టిపోతే, నువ్వు పోయి కాళ్ళు పట్టుకుంటావా?"

శశి ఏదో చెప్పబోయాడు. తండ్రి వైపు చూశాడు, గోడ మీద అన్న ఫొటో వైపు చూశాడు. "నీ ఇష్టం" అని మగ్గం దగ్గరికి పోయాడు.

వీడికి పెళ్ళాం మీద మమకారం తల్లి పరువుకన్నా ఎక్కువైందని తిప్పమ్మ అనుకుంది. అలా అనుకుంటూనే ఆటో ఎక్కింది.

* * *

డాక్టర్ జ్యోతిలక్ష్మిది బుక్కరాయసముద్రం. మన జిల్లా పిల్ల డాక్టరై, మన మాటే మాట్లాడుతుంటే తిప్పమ్మకు క్యాంపు రోజునే ముచ్చటేసింది. ఇవాళ ఆ పిల్ల కాగితాలు చేతికివ్వలేదు. తలుపు దగ్గరగా వేసి, "కూర్చోండమ్మా" అంది.

"కూర్చునే టైము లే మా. ఇంటికాడికి పెద్దమనుషులు వస్తారు."

"గంగాధరప్పగారికి ఏమీ లేదు. బాగుండాది."

"నాకి తెల్సు."

"మీకి ఉండాదమ్మా."

తిప్పమ్మ వెనక్కి తిరిగి చూసింది. గదిలో ఇంకెవరూ లేరు.

"నాకి ఏముండాది?"

"హెపటైటిస్ బి. తప్పు పడిందేమో అని రెండుసార్లు చేసినాం."

తిప్పమ్మ గొంతు ఒక్కసారిగా లేచింది.

"అదే మా నేను చెప్పేది! కోడలు అంటించింది! అంటిస్తాదనే కదా పళ్ళెం వేరే పెట్టినా, లోటా వేరే పెట్టినా, పడుకునే చాప కూడా వేరే వేసినా. అయినా అంటించిపోయింది!"

"పళ్ళెంతో రాదమ్మా. కల్సి తింటే రాదు, పక్కన కూర్చుంటే రాదు. రక్తంతో వస్తాది. మొగుడూ పెళ్ళాల మధ్య వస్తాది. కాన్పులో తల్లి నుంచి బిడ్డకి వస్తాది." ఆమె కొంచెం ఆగింది. "మీ మగ్గం మీద పోగులు కోసే బ్లేడు ఉంటాది కదా. అది వేరే పెట్టినారా?"

మగ్గం కర్రకు గుచ్చి ఉండే సగం బ్లేడు ఇంటిల్లిపాదికీ ఒకటే. దాంతో వేళ్ళు తెగడం రోజూ ఉన్నదే. తెగితే వేలు నోట్లో పెట్టుకుని చీకి, మళ్ళీ పోగు పట్టుకోవడమే. పళ్ళెం, లోటా, చాప అన్నీ వేరు చేసింది. బ్లేడు సంగతి మూడు నెలల్లో ఒక్కనాడూ ఆమె బుర్రకు తట్టలేదు. కోడల్ని పెరట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టేది, చెయ్యి కడగగానే మగ్గం దగ్గరికి పిలిచేది.

"అట్లయితే ఆ బ్లేడుతోనే నాకి వచ్చిండాల."

"పెద్ద వయసులో కొత్తగా వస్తే చానామందికి ఆరు నెలల్లో దానంతట అదే పోతాదమ్మా. పసిబిడ్డగా ఉన్నప్పుడు వస్తేనే ఒంట్లో నిలిచిపోయేది ఎక్కువ. మీది కొత్తది కాదు. ఇంకో పరీక్ష చేసి చూసినాం. ఏండ్ల నాటిది. మీ సిన్నతనంలోనే వచ్చిండచ్చు."

"నాకి ఏ జబ్బూ లేదే! ఇప్పుటికీ దినానికి పది బిందెలు మోస్తా!"

"అట్లే ఉంటాది. కొందరికి ఏమీ చెయ్యకుండా పడి ఉంటాది. కొందరికి ముప్పై ఏండ్లకే లివర్ తినేస్తాది."

డాక్టరు చూపు తిప్పమ్మ మోచేతి కింది పచ్చబొట్టు మీద పడింది. ఒకే సూదితో ఎంతమందికి పొడిచారని అడిగింది. వీధి ఆడపిల్లలందరికీ అని తిప్పమ్మ చెప్పింది. ఆ పొద్దు పదకొండు మంది వరుసలో కూర్చున్నారు. తాను ఏడోదో ఎనిమిదోదో. దాంతోనే వచ్చిందని చెప్పలేమని, వాళ్ళమ్మ నుంచి కూడా వచ్చి ఉండొచ్చని డాక్టరు అంది.

తిప్పమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా ఒగదానికేనా మా ఊర్లో?"

"కాదమ్మా. ఆ పొద్దు మూడు వందల పదకొండు మందికి చేస్తే తొమ్మిది మందికి ఉండాది. కడుపుతో ఉండే ఆడవాళ్ళలో వందకి ఒకరో ఇద్దరో వస్తారు. రక్తం ఇచ్చేకి వచ్చే కాలేజీ పిల్లోళ్ళలో ఇంకా తక్కువ. పుడుతూనే సూదులు వేయించుకున్న ఇప్పటి పిల్లల్లో అయితే వెతకల్ల. కానీ ఒగరికి ఉండే ఇంట్లో చూస్తే ఆ వందల లెక్క పనికిరాదు. ఈ తొమ్మిది మందిలో ఐదుగురు రెండిళ్ళ వాళ్ళే."

రెండిళ్ళు అన్న మాట తిప్పమ్మకు సూటిగా తగిలింది. కోడలితో కలిపితే తన ఇంట్లోనూ ఇద్దరు.

"మీకి పిల్లలు ఎంతమంది?" డాక్టరు గొంతు తగ్గించి అడిగింది.

"ఇద్దరు. ఒగడే ఉండాడు."

"ఇంకొకరు?"

"పెద్దోడు, ఓబిలేష్. కడుపు ఉబ్బి పోయినాడు. నాలుగేండ్లాయ. ముప్పై ఒకటో ఏట."

"పసిరికలు వచ్చినాయా?"

"కండ్లు పసుపు ముద్దలే. కానీ వాడు తాగి చెడిపోయినాడు మా. లివర్ పోయింది."

"తాగేది మీరు సూసినారా?"

"అందరూ అన్నారు. తాగకుంటే లివర్ ఎట్ల పోతాది అన్నారు."

"మీరు సూసినారామ్మా?"

వాడు తాగడం తిప్పమ్మ చూడలేదు. ఒక్కనాడూ చూడలేదు.

డాక్టరు ఇంకేం అడగలేదు. చనిపోయిన మనిషి రక్తం ఇప్పుడు పరీక్ష చేయలేమని మాత్రం అంది. చిన్న కొడుకుని తప్పకుండా పంపమంది. కోడలి కాన్పు ఆసుపత్రిలోనే జరగాలని, బిడ్డ పుట్టిన గంటల్లోనే రెండు సూదులు పడాలని, అవి పడితే చాలావరకు ఇది ఆ బిడ్డకు రాకుండా ఆగిపోతుందని రెండుసార్లు చెప్పింది. తిప్పమ్మ అన్నిటికీ తలూపింది.

* * *

ఆటోవాళ్ళు పిలుస్తున్నా ఎక్కకుండా ఆసుపత్రి గేటు దగ్గర సిమెంటు బెంచీ మీద కూర్చుండిపోయింది. ఎండ నెత్తి మీదికి వచ్చింది. చెంగు కప్పుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

ఓబిలేష్ చివరి రోజుల్లో మాట్లాడింది తక్కువ. మాట్లాడినప్పుడల్లా అదే మాట. "మా, నేను తాగలేదు మా." మొదట్లో ఆమె తిట్టేది. తర్వాత నవ్వేది. తాగినవాడెవడు తాగినానని ఒప్పుకుంటాడు? వాడి పెళ్ళాం నమ్మలేదు, పిల్లనెత్తుకుని పుట్టింటికి పోయింది. తండ్రి నమ్మలేదు, వాడు పోయేదాకా వాడి మంచం దగ్గరికి పోలేదు. వీధిలో ఎవరూ నమ్మలేదు. ఒకరోజు వాడు మంచం మీద లేచి కూర్చుని, తల్లి నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేయబోయాడు. ఆ చేతిని ఆమె తీసి అవతలికి నెట్టింది. "నా తల మీద అబద్ధం ఆడొద్దురా" అంది.

అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. కుందుర్పి వైపు ఎవరో తాగుడు మాన్పించే పొడి ఇస్తారంటే రెండు బస్సులు మారి పోయి తెచ్చింది. మనిషికి తెలియకుండా అన్నంలో కలిపి పెట్టాలన్నారు. నలభై రోజులు కలిపింది. తిన్నదల్లా వాంతి చేసుకుంటుంటే మందు పనిచేస్తోందని సంతోషపడింది. ఇరుగుపొరుగుకు చెప్పుకుంది కూడా.

ఏ తల్లీ చేయని పని చేసింది తను. బిడ్డకు జబ్బు ఇచ్చింది, ఆ జబ్బుకు తాగుబోతని పేరు పెట్టింది, ఆ పేరుకు మందు పెట్టింది. గేటు దగ్గర పూలమ్మే ఆమె, "ఏమైంది పెద్దమ్మా, ఎవరైనా పోయినారా?" అని అడిగింది.

"మా పెద్దోడు పోయినాడు" అంది తిప్పమ్మ.

"అయ్యో! ఎప్పుడు?"

దానికి ఏం చెప్పాలో తెలియక లేచి ఆటో ఎక్కింది. చీర కుచ్చిళ్ళ దగ్గర బొడ్లో తన కాగితం మడత పెట్టి దోపుకుంది. మొగుడి కాగితం ఒక్కటే చేతిలో పట్టుకుంది.

* * *

ఇంటి ముందు కట్ట మీద అప్పటికే చాపలు పరిచి ఉన్నాయి. వీధి పెద్ద ఈరన్న నడుమ కూర్చున్నాడు. ఈరన్న పంచాయితీకి వస్తే ముందు నీళ్ళు, తర్వాత కాఫీ, ఆ తర్వాతే న్యాయం. అప్పుడే కాఫీ లోటా కింద పెట్టాడు. అటువైపు రామదాసు, ఇటువైపు గంగాధరప్ప. శశి గడప దగ్గర ద్వారబంధానికి ఆనుకుని నిలబడ్డాడు. వీధిలో సగం మగ్గాలు చప్పుడు ఆపేశాయి. పని లేక కాదు, వినడానికి.

సునంద మాత్రం స్తంభం పక్కన నిలబడే ఉంది. కాళ్ళు వాచి చెప్పుల పట్టీలు కోసుకుపోతున్నాయి. కూర్చోమని ఎవరూ అనలేదు. ఆమె కూడా ఆ ఇంటి చాప మీద కూర్చోలేదు.

"రాండి తిప్పమ్మక్కా, మీ కోసమే" అన్నాడు ఈరన్న. "రామదాసు చెప్పేది విన్యాము. పిల్ల డిగ్రీ సదివేటప్పుడు కాలేజీలో రెండుసార్లు రక్తం ఇచ్చిందంట. ఇచ్చిన రక్తానికి అన్ని పరీక్షలూ చేస్తారంట. ఉంటే అప్పుడే పిల్చి చెప్పేవాళ్ళు అంటాడు."

"లేకనే తీసుకున్నారన్నా" అన్నాడు రామదాసు. "పుట్టింటి నుంచి తేలేదు నా బిడ్డ. అంతకుమించి నేనేం అనను. బావ మనసు కష్టపెట్టేకి రాలేదు నేను."

"కష్టపెట్టేది అయిపోయింది కదప్పా" అన్నాడు గంగాధరప్ప. "మా రక్తం సూసుకోమంటివి. సూసుకున్నాం. ఇయ్యి మే, కాగితాలు."

తిప్పమ్మ చేతిలోని కాగితం ఇచ్చింది. ఈరన్న కళ్ళజోడు సవరించుకుని పైకి చదివాడు. "గంగాధరప్ప, ఏమీ లే. బాగుండాది." తర్వాత చెయ్యి చాపాడు. "మీది?"

"ఇంటావిడిది వేరే ఏముంటాదిలే అన్నా" అన్నాడు గంగాధరప్ప. "నాది ఎట్లనో ఆమెది అట్లనే."

తిప్పమ్మ ఏమీ అనలేదు. అనకపోతే చాలు, జరిగిపోతుంది. ఆమెకు కాళ్ళలో బలం వచ్చినట్టయింది. వచ్చినందుకు సిగ్గేసింది.

ఈరన్న గొంతు సవరించుకున్నాడు. "అయితే నా మాట వినండి. పిల్ల కాన్పు అయ్యేదాంకా పామిడిలోనే ఉండనీ. బిడ్డ పుట్టినాక పరీక్ష చేపిద్దాం. బిడ్డకి లేకుంటే తల్లీబిడ్డా వస్తారు. ఉంటే, అప్పుడు సూద్దాం."

ఈరన్న 'అప్పుడు సూద్దాం' అన్న సంసారాలు ఆ వీధిలో మూడున్నాయి. మూడూ విడిపోయినవే. ఆ సంగతి రామదాసుకు కూడా తెలుసు. ఆయన తల దించుకుని చాప అంచు పీకుతున్నాడు. సునంద స్తంభం మీది నుంచి చెయ్యి తీసి నడుము పట్టుకుంది. బిడ్డ కదిలినట్టుంది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తెరిచింది.

అది చూసింది తిప్పమ్మ. ఓబిలేష్ కడుపులో ఉన్నప్పుడు తానూ ఇదే కట్ట మీద, ఇదే ఎండలో, నడుము పట్టుకుని నిలబడింది.

"ఉండు ఈరన్నా" అంది.

బొడ్లోంచి కాగితం తీసింది. చెమటకు తడిసి మెత్తబడింది. ఈరన్న చేతికివ్వలేదు.

"నాకి ఉండాది. బి జబ్బు నాకి ఉండాది. ఇప్పుటిది కాదంట, నా సిన్నప్పటిదంట. ఈ పిల్ల ఈ ఇంటికి తేలేదు. ఈ ఇంట్లోనే ఉండె. నా ఒంట్లోనే ఉండె. కన్నప్పుడు నా బిడ్డలకి నేనే ఇచ్చినా."

గంగాధరప్ప మెల్లగా, ఏదో లెక్క తప్పిపోయినవాడిలా అడిగాడు.

"బిడ్డలకి అంటే? పెద్దోనికి కూడానా?"

"వాని రక్తం ఇప్పుడు సూసేకి అయితాదా? కానీ వాడు చెప్పింది నిజమే అనిపిస్తాంది నాకి. వాడు తాగలేదయ్యా."

గంగాధరప్ప రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నాలుగేళ్ళ కిందట కొడుకు శవం లేచినప్పుడు ఒక్క చుక్క కన్నీరు రానివ్వని మనిషి, ఇప్పుడు పదిమందిలో భుజాలు కదిలిపోయేట్టు ఏడ్చాడు. ఈరన్న కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఎటు చూడాలో తెలియక వీధి వైపు చూశాడు.

తిప్పమ్మ సునంద దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుంది. మూడు నెలల్లో ఆ చేతిని తాకడం అదే మొదలు.

"ఇంట్లోకి రామ్మా. తప్పు నాది. నా నోటిది. ఇంగ నిన్ను ఎవురేమన్నా నేనుండా."

సునంద చెయ్యి విడిపించుకోలేదు. కానీ కదల్లేదు.

"మీ మీద నాకి కోపం లే అత్తా" అంది. "మీకి తెల్దు."

"తెల్దమ్మా. నిజంగా తెల్దు."

"ఆయనకి తెల్సు."

తిప్పమ్మకు ఆ మాట వెంటనే అర్థం కాలేదు. సునంద గడప వైపు చూస్తోంది. శశి తల వంచుకుని ద్వారబంధం కర్రను గోటితో గీరుతున్నాడు.

"నాకి ఐదో నెలలో చెప్పినారు కదా" అంది సునంద. గొంతు పెంచలేదు. ఈ మాట చాలాసార్లు లోపల చెప్పుకున్నదానిలా, తడబాటు లేకుండా చెప్పింది. "ఆ వారమే అనంతపురంలో ఆయనకీ పరీక్ష చేసినారు. ఆయనకీ ఉండాది. పుట్టుకతో వచ్చిండచ్చు, మీ అమ్మకి కూడా చేపించమన్నారు. బస్సులో వస్తా నా చెయ్యి పట్టుకుని ఏడ్చినాడు అత్తా. అమ్మకి తెలిస్తే అన్న సంగతి తెలుస్తాది, ఆ పొడి సంగతి తెలుస్తాది, అమ్మ బతకదు అన్నాడు. ఒగ నెల ఊరుకో, నేను మెల్లగా చెప్తా అన్నాడు. సరే అన్నా. నెల పోయింది. రెండు పోయినాయి. మీరు పామిడి రక్తం, పామిడి రక్తం అని వీధిలో అంటా ఉంటే ఆయన లోపల మగ్గం నేస్తాండె."

"శశీ" అన్నాడు ఈరన్న. "నిజమేనా అప్పా?"

శశి తలూపాడు.

రామదాసు లేచి నిలబడ్డాడు. ఆయనకు కూడా ఇది ఇప్పుడే తెలిసినట్టుంది. నోరు తెరిచాడు గాని, కూతురు చెయ్యెత్తి ఆపింది.

"నేను కొట్లాడేకి రాలేదు నాయనా. కాన్పు అనంతపురంలోనే చేపించుకుంటా. బిడ్డకి సూదులు వేయిస్తా. ఆ తర్వాత ఈ ఇంటికి రావాల్నా వద్దా అనేది ఈరన్న పెదనాయన చెప్పేది కాదు, అత్త చెప్పేది కాదు." గడప వైపు తిరిగింది. "మీరు చెప్పండి. ఈ వీధిలోనే కదా నా పేరు చెడింది. ఈడనే, వీళ్ళందరి ముందరనే ఒగ మాట చెప్పండి. నా పెండ్లాం తేలేదు, నా నుంచే ఆమెకి పోయింది అని. అంతే. ఇంకేం అడగను."

మగ్గాలు ఆపిన ఇళ్ళ గుమ్మాల్లో మనుషులు నిలబడి ఉన్నారు. శశికుమార్ వాళ్ళందరినీ ఒకసారి చూశాడు. పెదవులు తడుపుకున్నాడు.

"అమ్మ... అమ్మ ఏమైపోతాదో అని..."

"నేను బతికే ఉండా కదరా" అంది తిప్పమ్మ. "ఇప్పుడు చెప్పు."

శశి తల్లి వైపు చూశాడు. చిన్నప్పుడు తప్పు చేసి వచ్చి, ముందు అమ్మ కొంగు వెనక్కి చేరేవాడు. ఆ చూపే. తిప్పమ్మ పక్కకు జరిగి నిలబడింది.

"చెప్పు నాయనా. నీ అన్న చెప్తే నేను వినలేదు. నువ్వు చెప్పు, వింటా."

ఎదురింట్లో ఎవరో దగ్గారు. శశికుమార్ నోరు తెరిచాడు, మూశాడు. చూపు నేల మీదికి పోయింది.

సునంద కాసేపు చూసింది. తర్వాత అత్త చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసుకుని, తండ్రి భుజం ఆసరాగా పట్టుకుని, ఒక్కొక్క మెట్టే దిగింది.